తరచూ అడిగే ప్రశ్నను ఎవరూ అడగరాదు

ప్రశ్నలు వేసేవాళ్ళంటే నాకు పడదు. దాచుకోవడం దేనికి, ముందే చెప్పేస్తున్నాను. లోకంలో ఇంతవరకు బయటపడ్డ తప్పులన్నీ ఎవడో ఒకడు నోరు తెరిచి ‘ఇదేంటి?’ అనడం వల్ల బయటపడ్డవే. వాడు నోరు మూసుకుని ఉంటే బయటపడేవా? బయటపడని తప్పు తప్పెలా అవుతుంది?

అందుకే ‘తరచూ అడిగే ప్రశ్నలు’ అనే పేజీని కనిపెట్టినవాడెవడో గాని వాడికి నా దండాలు! పాలు పితికే మెషిన్ కొంటే ఆ పేజీ ఉంటుంది. వినికిడి మెషిన్ కొంటే ఉంటుంది. మా పక్క ఊళ్ళో శవపేటికలు అమ్మే కొట్టుకి కూడా ఉంది. ‘సరుకు నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా?’ అన్నది అందులో మొదటి ప్రశ్న. ఎవరు అడిగి ఉంటారో నాకు తెలియదు.

ఇందులో సుఖం గమనించారా? ప్రశ్న మీరు వెతుక్కోనక్కర్లేదు, వాళ్ళే వేసి పెడతారు. జవాబూ వాళ్ళదే. మీరు తలాడిస్తే చాలు. మా హాలెండ్ ఉత్తరపు పల్లెల్లో మాట్లాడటమంటేనే ఒళ్ళు బరువు. మాలాంటివాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి!

అయితే ఈ పేజీ అసలు వైభవం చూడాలంటే జీవకణాల శాస్త్రం వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. సీసాల్లో కణాలు పెంచేవాళ్ళకి సందేహం లేని రోజు ఉండదు. ‘నా కణాలు సీసా అడుగున అంటుకోవడం లేదు, ఏం చేయాలి?’ సీసా మార్చి చూడండి. ‘సీసా మార్చాను, అయినా అంటుకోవడం లేదు.’ కణాలు మార్చి చూడండి. ‘అవీ మార్చాను.’ మనిషిని మార్చి చూడండి అని పేజీలో రాయలేదు గాని, లాబుల్లో అదీ చేస్తారట.

‘కణాలకు తిండి ఏం పెట్టాలి?’ దూడ రక్తపు తేట. పాడి చేసుకునేవాళ్ళం కాబట్టి ఈ జవాబు మాకు చప్పున అర్థమైంది. ఎక్కడ ఏం పెరిగినా మేత మా కొట్టంలోంచే పోవాలి.

ఆ పేజీలో అన్నిటికంటే అడుగున, వేలు నొప్పి పుట్టేదాకా జరుపుకుంటూ పోతే, ఒక ప్రశ్న ఉంటుంది. ‘నా సీసాలో ఉన్నవి నేననుకుంటున్న కణాలేనా?’ జవాబు: కణాలు ఎవరివో తేల్చే పోలిక పరీక్ష అప్పుడప్పుడు చేయించుకోండి.

ఈ ప్రశ్న అంటే పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకు ఎంత గౌరవమో చెప్పలేను. దేవుడి విగ్రహాన్ని ముట్టుకోనట్టు, దాన్ని ముట్టుకోరు!

ఎందుకు ముట్టుకోవాలి చెప్పండి? మా కొట్టంలో దూడ పుట్టీ పుట్టగానే రెండు చెవులకీ పసుపుపచ్చ బిళ్ళలు గుచ్చుతాం. అది ఎవరి దూడో, ఏ ఆవుదో దాని చెవులే చెబుతాయి. కణాలకు చెవులు లేవు. అది సృష్టిలో లోపం, ప్రొఫెసర్లది కాదు.

ఇంత చక్కటి ఏర్పాటుని పాడుచేయబోయిన ఒక అమ్మాయి కథ చెబుతాను, వినండి. పేరు జాంటీనా. మా ఊరి పిల్లే. పట్నం యూనివర్సిటీలో ఊస్టింగ్ అనే ప్రొఫెసర్ దగ్గర డాక్టరేట్‌కి చేరింది. ఆయన లాబులో పెరిగేవి మగవాళ్ళ ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు. ఒక కొత్త మందు వేస్తే ఆ కణాలు సీసాలో ఎండుటాకుల్లా రాలిపోయాయి. దాని మీద జాంటీనా పుస్తకం రాసింది. పుస్తకం అచ్చుకి పోయింది. ఇక నిలబడి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి, తోలు గొట్టంలో చుట్టిన పట్టా పుచ్చుకోవడమే తరువాయి.

బుద్ధిగా ఊరుకోవచ్చా? ఊరుకోలేదు. తోచక, ఆ కణాలకు పోలిక పరీక్ష చేయించింది.

అవి ప్రోస్టేట్ కణాలు కావు. మగవాడివే కావు. ఎవరో ఒక స్త్రీ గర్భసంచి కణాలు.

ఎలా జరిగిందంటే, ఏనాడో ఆ లాబులో రెండు రకాల కణాలకీ ఒకే సీసాలోంచి తిండి పోశారు. ఒక చుక్క ఇటుది అటు పడింది. గర్భసంచి కణాలు చురుకైనవి. బీట్‌దుంప చేలో కలుపు లేచినట్టు లేచి, పాతవాటిని తొక్కేసి, సీసా అంతా తామే అయ్యాయి. సీసా మీద చీటీ మాత్రం ‘ప్రోస్టేట్’ అనే ఉండిపోయింది. చీటీలు పెరగవు కదా!

జాంటీనా పరుగెత్తుకుంటూ ప్రొఫెసర్ గదికి వెళ్ళింది. ఆయన కాఫీ కప్పు మీదినుంచి తల ఎత్తాడు.

“ఇది తరచూ అడిగే ప్రశ్నల్లోదే కదా జాంటీనా. మొదటి సంవత్సరం పిల్లలు అడుగుతారు.”

“దానికి జవాబు కూడా ఉంది సార్ అక్కడ. పరీక్ష చేయించమని.”

“ఉంది. మంచి జవాబు.”

“మరి మనం ఎప్పుడైనా చేయించామా?”

“ఆ ప్రశ్న అక్కడ లేదు” అన్నాడు ప్రొఫెసర్.

ఎంత అచ్చొచ్చిన జవాబు! అయినా ఆ పిల్ల కదలలేదు. ఆమె బాధ పుస్తకం గురించి కాదు. సీసాలో ఫలితం చూసుకుని ఆ మందును వేసవి తర్వాత మనుషుల మీద ప్రయోగించబోతున్నారు. ఆ మనుషులు ఎవరంటే, మా ఊరి పాటల బృందం!

నవ్వకండి. మా బృందంలో అందరూ వయసు మళ్ళిన మగవాళ్ళే. ప్రోస్టేట్ బాధతో పాట మధ్యలో ఒంటేలుకి పోయి వచ్చి అందుకునేవాళ్ళు. ఆస్పత్రివాళ్ళకి ఇంతకంటే మంచి పంట ఎక్కడ దొరుకుతుంది? పాటల సాధన రోజున ఒక నర్సమ్మ ఎండుద్రాక్ష రొట్టె పట్టుకొచ్చి, మందు సంగతి చెప్పి, “ఏమైనా అడగాలా?” అంది. వెన్న తెచ్చారా అని ఒకాయన అడిగాడు. అందరూ సంతకాలు పెట్టారు. అందరికంటే ముందు పెట్టినవాడు బెరెంట్, జాంటీనా బాబాయి. ఆమె తండ్రి పోయాక ఆమెను చదివించిన మనిషి.

“ప్రయోగం ఆపండి సార్” అంది జాంటీనా.

“దేనికి ఆపాలి? ఆ పరీక్ష తప్పయి ఉండొచ్చు. మళ్ళీ చేయిద్దాం. నీ పట్టా అయిపోనీ, ప్రయోగం అయిపోనీ, తర్వాత తీరిగ్గా చేయిద్దాం.”

“ఈలోగా మా బాబాయి మింగుతాడు!”

“మింగితే ఫలితం తెలుస్తుంది కదా. మీ బాబాయి సైన్సుకి సాయం చేసినవాడవుతాడు.”

ఆమె తిన్నగా శాస్త్ర నీతి కార్యాలయానికి రాసింది. మర్నాడే బదులొచ్చింది. ‘మాకు రాసేముందు దయచేసి తరచూ అడిగే ప్రశ్నలు చదవండి’ అని! ఎంత చురుకైన ఆఫీసు!

ఇక ఆమెకు మిగిలింది ఒకటే దారి. మా దేశంలో డాక్టరేట్ పరీక్ష నలుగురి ముందూ జరుగుతుంది. యూనివర్సిటీకి పెద్ద అయిన రెక్టర్ అధ్యక్షుడిగా కూర్చుంటాడు, నల్ల గౌనుల పండితులు వరసగా ప్రశ్నలు వేస్తారు. అభ్యర్థి అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలి. అడగనిది చెప్పకూడదు. కానీ అడిగినదానికి చెప్పిన జవాబు రెక్టర్ చెవిన పడినట్టే. అక్కడ ఎవరైనా ‘ఈ కణాలు ఎవరివి?’ అని ఒక్క మాట అడిగితే చాలు. ఆమె చెబుతుంది. రెక్టర్ వింటాడు. ప్రయోగం ఆగుతుంది.

ఒక్క ప్రశ్న. అదీ మొదటి సంవత్సరం పిల్లలు అడిగేది. ఇంతమంది పండితుల్లో ఒక్కరైనా అడగకపోతారా అని ఆమె ఆశ.

పండితుల సంగతి ఆమెకు ఇంకా తెలియదు, చిన్నపిల్ల!

ఆ రోజు మేమంతా బస్సు చేసుకుని పట్నం వెళ్ళాం. మా దగ్గర ఇంకో ఆచారం ఉంది. పండితులు లోపలి గదిలో గౌనులు తొడుక్కుంటూ కాఫీ తాగుతుండగా, హాల్లో అభ్యర్థి తన ఇంటివాళ్ళకి, ఊరివాళ్ళకి తన పని ఏమిటో మామూలు మాటల్లో చెబుతుంది. ఆ మాటలు పండితులు వినరు. వినాల్సిన అవసరం వాళ్ళకేముంది, అవి అర్థమయ్యే మాటలు!

జాంటీనా గోడ మీద రెండు సీసాల బొమ్మ చూపించింది. ఒక చుక్క ఎలా పడిందో చెప్పింది. పరీక్ష చేయించిన సంగతీ చెప్పింది. “ఇవి ప్రోస్టేట్ కణాలని నేను పుస్తకంలో రాశాను. కావు. ఇవి ఒక ఆడమనిషివి” అంది.

ముందు వరసలో ఉన్న పిన్ని గెజీనా, బెరెంట్ భార్య, వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా అంది. “ఆడమనిషివా! అయితే ఆ మందు మింగాల్సింది నేను!”

హాలంతా గొల్లుమంది. బెరెంట్ నవ్వలేదు. టోపీ మోకాలి మీద పెట్టుకుని దాని అంచుని వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు. అతని వెనక వరసలో బృందం మొత్తం అలాగే కూర్చుంది.

అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. వెండి పొన్ను కర్ర పట్టుకుని బంట్రోతు ముందు నడవగా, పండితులు వరసగా వచ్చారు. మేమందరం లేచి నిలబడ్డాం.

ఇక్కడ ఆగి ఈ ఏర్పాటు అందాన్ని ఒక్కసారి చూడండి! సంగతి తెలిసినవాళ్ళు బెంచీల మీద ఉన్నారు, వాళ్ళు నోరెత్తకూడదు. నోరెత్తే హక్కున్నవాళ్ళు గౌనుల్లో ఉన్నారు, వాళ్ళకు సంగతి తెలియదు. ఇంత పకడ్బందీగా ఏ పార్లమెంటైనా నడుస్తుందా?

మొదటి పండితుడు బెల్జియం నుంచి వచ్చాడు. కణం అంటే ఏమిటి, దానికి ‘తాను’ అనే భావన ఉంటుందా అని చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ తన ప్రశ్నకు తానే జవాబు చెప్పుకుని, బాగుందని మెచ్చుకుని, కూర్చున్నాడు. జాంటీనా “అవునండీ” అంది.

రెండో ఆయన పుస్తకంలో ఒక బొమ్మకు ఆకుపచ్చ రంగు ఎందుకు వేశారని నిలదీశాడు. ఆయన వాడేది నీలం.

జాంటీనా చెమటలు తుడుచుకుంది. ఇంకొక్కరే మిగిలారు. స్వీడన్ నుంచి వచ్చిన ఎక్‌మన్ అనే పెద్దావిడ. తెల్లటి జుట్టు, మెడలో గొలుసు కళ్ళద్దాలు. ఆవిడ పుస్తకం తెరిచి, మూసి, కళ్ళద్దాలు తీసింది.

“నాదొక చిన్న ప్రశ్న. చాలా మామూలుది. అడగాలంటే మొహమాటంగా ఉంది. ఈ కణాలు...”

మా వరసలో ఎవరూ కదల్లేదు. బెరెంట్ చేతిలో టోపీ ఆగిపోయింది.

ఎక్‌మన్ చుట్టూ చూసింది. గౌనులన్నీ ఆవిడనే చూస్తున్నాయి. బెల్జియం ఆయన కనుబొమలు పైకి లేపాడు.

“వద్దులెండి, మరీ మామూలుది. పిల్లలు అడిగేలాంటిది. ఇంకొకటి అడుగుతాను. ఈ శతాబ్దంలో కణాల మీద మన దృక్పథం ఎటు పోతోందంటారు?”

జాంటీనా మెల్లగా తేరుకుని, దృక్పథం ఎటు పోతోందో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలోనే బంట్రోతు లోపలికి వచ్చి కర్ర నేలకు తాటించాడు. “హోరా ఎస్ట్!” అన్నాడు. వేళ అయిందని లాటిన్‌లో దాని అర్థం. ఆ మాట పడ్డాక అభ్యర్థి ఎవరైనా, వాక్యం ఎక్కడున్నా, ఆపేయాలి. ఆమె ఆపేసింది.

ఈ బంట్రోతును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. లోకంలో ప్రశ్నలన్నిటికీ ఇలాంటివాడొకడు ఉంటే ఎన్ని కొంపలు నిలబడి ఉండేవో!

పట్టా ఇచ్చారు. ఊస్టింగ్ ప్రొఫెసర్ లేచి, జాంటీనాకు ఉన్న గొప్ప గుణం ‘అడగటంలో ధైర్యం’ అని పొగిడాడు. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి. నాకు అబద్ధం చెప్పే అలవాటు లేదు, నిజంగానే చెమర్చాయి.

తర్వాత పక్క హాల్లో విందు. ఆవాల ముద్దలో అద్దుకునే వేడి వేడి మాంసపు ఉండలు, బీరు. మా పద్ధతి ప్రకారం అందరూ వరసలో నిలబడి అభినందించాలి. అభ్యర్థినే కాదు, పిన్నిని, బాబాయిని, ప్రొఫెసర్‌ని, చేయి అందిన ప్రతివాణ్ణీ. ఎక్‌మన్ జాంటీనా దగ్గరకొచ్చి చేయి పట్టుకుని, గొంతు తగ్గించింది.

“నేను అడగబోయింది నీకు అర్థమైంది కదూ అమ్మాయ్?”

“అర్థమైంది. ఎందుకు ఆపేశారు?”

“మా లాబులో కణాలూ మీ దగ్గర్నుంచి తెచ్చుకున్నవే. బెల్జియం ఆయనవీ అంతే. నేను అడిగితే తర్వాత నన్నూ అడుగుతారుగా?”

“మీకు ముందే తెలుసన్నమాట!”

“అనుమానం” అంది ఆవిడ, ఒక ఉండ నోట్లో వేసుకుంటూ. “తెలుసుకోవాలంటే పరీక్ష చేయించాలి.”

నేననుకున్నాను, మర్యాద అంటే మామూలు ప్రశ్నకు సిగ్గుపడటమని. కాదట. నా సీసా నువ్వు చూడకు, నీ సీసా నేను చూడను. ఇంత అన్యోన్యంగా అన్నదమ్ములు కూడా ఉండరు!

ఈలోగా వరసలో బెరెంట్ వంతు వచ్చింది. టోపీ చేతిలో పట్టుకుని ప్రొఫెసర్‌కి చేయి ఇచ్చాడు.

“మంచి విద్యార్థి దొరికింది సార్ మీకు. అభినందనలు.”

“మీకూ! మీరు మా మందు బృందంలో ఉన్నారటగా, జాంటీనా చెప్పింది.”

“ఉన్నాను. నా పేరు తీసేయండి.”

“అయ్యో! భయమా? సందేహాలేమైనా ఉంటే మా సైటులో తరచూ అడిగే...”

“చదివాను సార్. మందు వేసుకుని ట్రాక్టర్ నడపొచ్చా, బీరు తాగొచ్చా, అన్నీ రాశారు. బాగా రాశారు. నాకు సందేహాలేం లేవు.”

అని పక్కకు జరిగి ఉండల పళ్ళెం వైపు నడిచాడు. అతని వెనక మా బృందంలో పెద్ద గొంతు ఆయన వచ్చాడు. “అభినందనలు. నాదీ తీసేయండి.” ఆ వెనకాయన, “నాదీ.” చేయి ఇవ్వడం, పేరు తీసెయ్యమనడం, జరగడం. కోపం లేదు, గొడవ లేదు. సంతలో ఆవు పళ్ళు చూసి, బేరం ఆడకుండా తాడు వదిలేసి పోయినట్టు పోయారు బృందం మొత్తం.

ప్రొఫెసర్ చాపిన చేయి చాపినట్టే ఉంది. ఎదురుగా ఇక ఎవరూ లేరు. పక్కన రెక్టర్ బీరు గ్లాసుతో నిలబడి చూస్తున్నాడు.

“ఏంటి వీళ్ళందరికీ? ఏమైంది?” ప్రొఫెసర్ జాంటీనా వైపు తిరిగాడు. ఆ గాభరాలో ఆయన నోటినుంచి ఒక మామూలు ప్రశ్న జారిపోయింది. “ఎందుకు?”

జాంటీనా పట్టా గొట్టాన్ని బల్ల మీద పెట్టింది.

“ఎందుకంటే మన సీసాల్లో ఉన్నవి ప్రోస్టేట్ కణాలు కావు సార్. ఒక స్త్రీవి. పరీక్ష చేయించి మీకు చెప్పాను. ప్రయోగం ఆపమన్నాను. మీరు ఆపలేదు. వీళ్ళకి ఈ పొద్దున చెప్పాను, వీళ్ళు ఆపుకున్నారు.”

రెక్టర్ గ్లాసు కింద పెట్టాడు. “ఆమె అన్నది నిజమేనా?” అన్నాడు. రెండో మామూలు ప్రశ్న! ఒకటి బయటికొస్తే ఇంకొకటి దాని వెనకే వస్తుంది, చూశారా! బెల్జియం ఆయన తన కోటు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఎక్‌మన్ కిటికీలోంచి వాతావరణం చూస్తోంది.

చూశారుగా నష్టం! ప్రయోగం ఆగిపోయింది. ఊస్టింగ్ ప్రొఫెసర్‌కి రావలసిన పెద్ద బహుమతి రాకుండా పోయింది. ఉత్తర దేశాల్లో ఎన్నో లాబులు సీసాలు బయటికి తీసి పరీక్షలకు పంపించుకోవాల్సి వచ్చింది. కొన్నిటిలో ఎలుకవి కూడా తేలాయట. జాంటీనాకు ఆ యూనివర్సిటీలో ఉద్యోగం ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదని ఎవరూ అడగలేదు, అంత మర్యాద మాత్రం ఇంకా మిగిలి ఉంది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నా మాట వినండి. మామూలు ప్రశ్నలు అడగకండి. అచ్చేసిన జవాబులు చదువుకోండి, తలాడించండి, చేయి కలపండి, ఉండలు తినండి. సీసా ఎవరిదైనా, చీటీ ఏదైనా, నోరు విప్పకండి.

మింగేది మీరు కానంతవరకు.